శాంత్రో టైమింగ్ బెల్ట్: బాగా నడుస్తున్న బండికి మార్చాలా?

సిక్కోలు_శాంత్రో
మాది 2009 శాంత్రో జింగ్. నాన్నగారు రిటైరయ్యాక సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. మీటరు 58 వేలు చూపిస్తోంది. ఊళ్లో ఆఫీసుకి, ఆదివారం అరసవిల్లికి, ఎప్పుడైనా వైజాగ్‌కి, అంతే తిరుగుడు. బండి చక్కగా ఉంది, మైలేజీ వస్తోంది, చప్పుళ్లేమీ లేవు. మొన్న ఆయిల్ మార్పించడానికి వెళితే మెకానిక్ "టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారు?" అనడిగాడు. తెలీదన్నాను. "అయితే ముందు అది మార్చండి, మిగతావి తర్వాత చూద్దాం" అన్నాడు. బెల్ట్, బేరింగ్, సీళ్లు, కూలీ కలిపి ఆరేడు వేలు అవుతుందట. మా బావగారేమో నడుస్తున్న ఇంజన్ విప్పితే కొత్త రోగాలు పుట్టుకొస్తాయి, ముట్టుకోకు అంటున్నారు. ఇంకో సర్వీసు సెంటర్‌కి ఫోన్ చేస్తే లక్ష కిలోమీటర్ల దాకా పర్వాలేదన్నారు. ముగ్గురివీ మూడు మాటలు. అసలు ఈ బెల్ట్ తెగితే ఏమవుతుంది? పైనుంచి చూసి బాగుందో లేదో చెప్పగలమా?

గంటస్తంభం
చప్పుడు లేదంటున్నారు కదా, ఇంకేం. అరిగితే అదే కీచుమంటుంది. అప్పుడు మార్చుకోండి.

రింగురోడ్డు_గ్యారేజీ
గంటస్తంభం గారూ, కీచుమనేది ఫ్యాన్ బెల్ట్. బయట కనిపిస్తుంది, ఆల్టర్నేటర్‌ని తిప్పుతుంది. అది తెగితే ఛార్జింగ్ లైటు వెలుగుతుంది, కొన్ని బళ్లలో ఇంజన్ వేడెక్కుతుంది. మార్చుకుని వెళ్లిపోవచ్చు. టైమింగ్ బెల్ట్ వేరు. ఇంజన్ పక్కన ప్లాస్టిక్ కవరు లోపల ఉంటుంది, దానికి పళ్లుంటాయి, పుల్లీ పళ్లలో కూర్చుని తిరుగుతుంది కాబట్టి జారదు, కీచుమనదు. చాలా బళ్లలో ఏ సూచనా ఇవ్వకుండానే తెగిపోతుంది. మా దగ్గరికి తాడు కట్టి లాక్కొచ్చే బళ్లలో "నిన్నటిదాకా బాగానే నడిచింది" అనని ఓనరు లేడు.

సిక్కోలు గారూ, అది చేసే పని ఇది. కింద క్రాంక్, అంటే ఇంజన్ అడుగునుండే ఇరుసు, తిరుగుతుంటే పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి. పైన హెడ్‌లో, అంటే ఇంజన్ పైభాగంలో, క్యామ్ అనే ఇంకో ఇరుసు తిరుగుతూ వాల్వుల్ని తెరుస్తుంది, మూస్తుంది. వాల్వులంటే గాలీ పెట్రోలూ లోపలికి, పొగ బయటికి వెళ్లే తలుపులు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. అందుకే పైపుల్లీకి కిందిదానికి రెట్టింపు పళ్లుంటాయి. ఆ రెండింటినీ లెక్క తప్పకుండా కలిపి తిప్పేది ఈ బెల్ట్. హైవే మీద మూడు వేల ఆర్పీఎంలో వెళ్తుంటే ఒక్కో వాల్వు సెకనుకి 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఆ స్పీడులో బెల్ట్ తెగితే క్యామ్ దాదాపు అక్కడికక్కడే ఆగిపోతుంది. పిస్టన్లు మాత్రం ఆగవు. అప్పుడు తెరిచి ఉన్న వాల్వుల్ని కింది నుంచి వచ్చి గుద్దుతాయి. శాంత్రో ఇంజన్ ఆ రకమే. వాల్వులు వంగుతాయి, హెడ్ దించాలి.

చీపురుపల్లి_టీచర్
మా పిల్లలకి నేను దీన్ని ఇలా చెబుతాను. ఒకే రోట్లో ఇద్దరు రోకళ్లు వేస్తుంటారు. ఒకరిది లేచినప్పుడు ఇంకొకరిది దిగుతుంది. ఇద్దరికీ చోటు ఒక్కటే, వంతు వేరు. వంతు తప్పితే రోకలీ రోకలీ కొట్టుకుంటాయి. పిస్టను, వాల్వు అంతే. ఆ వంతు తప్పకుండా చూసేది బెల్ట్.

గంటస్తంభం
టీచర్ గారూ, ఇది బాగా అర్థమైంది. ఫ్యాన్ బెల్ట్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ప్రతి ఇంజన్‌లోనూ కొట్టుకుంటాయా?

రింగురోడ్డు_గ్యారేజీ
లేదు. కొన్నింటిలో పిస్టన్ పైదాకా వచ్చినా వాల్వుకి తగలనంత ఖాళీ వదులుతారు. అలాంటివి బెల్ట్ తెగితే ఆగిపోతాయంతే, కొత్తది వేస్తే స్టార్టవుతాయి. డీజిల్‌లో ఆ ఖాళీ దొరకడం కష్టం, కంప్రెషన్, అంటే గాలిని నొక్కడం, ఎక్కువ కావాలి కాబట్టి పిస్టన్ హెడ్‌కి బాగా దగ్గరగా వస్తుంది. డీజిల్ బండికి బెల్ట్ ఉంటే మరీ జాగ్రత్త.

బొబ్బిలి_800
మా మారుతి 800కి గజపతినగరం దాటాక తెగింది. లాక్కెళ్లి బెల్ట్ వేయించాం, సాయంత్రానికి ఇంటికొచ్చేశాం. వాల్వూ లేదు, హెడ్డూ లేదు. మీరంతా ఊరికే భయపెడుతున్నారు.

పలాస_జీడితోట
భయపెట్టడం కాదు అన్నా. మా పెదనాన్నది కూడా శాంత్రోనే. టెక్కలి దాటి నందిగాం దగ్గర తెగింది. హెడ్ దించితే వంగిన వాల్వులు కనిపించాయి. వాల్వులు, గైడ్లు, గ్యాస్కెట్, లేత్ పని, మళ్లీ బిగించిన కూలీ, అన్నీ కలిపి పాతిక వేలు దాటింది. బండి వారాల తరబడి గ్యారేజీలోనే ఉండిపోయింది. ఆరేడు వేలు ఎక్కువ అనుకునే ముందు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

రింగురోడ్డు_గ్యారేజీ
బొబ్బిలి గారూ, మీ బండికి ఏమీ కాకపోవడం నిజమే. ఇంజన్ డిజైను, తెగినప్పుడున్న స్పీడు, ఏ పిస్టన్ ఎక్కడుంది అన్నదాన్నిబట్టి ఉంటుంది. ఒక బండి అనుభవం ఇంకో బండికి చెల్లదు. పలాస గారు చెప్పింది శాంత్రో సంగతి, అడిగినవారిదీ శాంత్రోనే.

సాలూరు_ఘాట్
మా లారీలకి ఈ గొడవే లేదు. పెద్ద ఇంజన్లలో టైమింగ్‌కి గేర్లే ఉంటాయి. బెల్టేటి, తెగడమేటి 😄

బొబ్బిలి_800
సాలూరన్నా, ఆయన లారీ కొనుక్కుని అరసవిల్లి వెళ్లమంటావా ఏటి?

సాలూరు_ఘాట్
వెళ్లొచ్చు మావా, పార్కింగే కష్టం.

అయితే ఘాట్ గురించి ఒక మాట మాత్రం చెప్పాలి. కోరాపుట్ నుంచి దిగేటప్పుడు గేరులో ఉంచి ఇంజన్ మీద ఆపుకుంటూ వస్తాం కదా. అప్పుడు గానీ బెల్ట్ తెగితే ఇంజన్ ఆరిపోయినా చక్రాలు దాన్ని తిప్పుతూనే ఉంటాయి, పిస్టన్లు వాల్వుల్ని కొడుతూనే ఉంటాయి. వెంటనే క్లచ్ నొక్కాలి. నొక్కాక బ్రేకు గుర్తుంచుకోండి. ఇంజన్ ఆగితే, పెడల్‌ని తేలిక చేసే బ్రేక్ బూస్టరులో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు నొక్కుళ్లకే సరిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. పవర్ స్టీరింగూ బిగుసుకుంటుంది. అందుకని పంప్ చేయకుండా ఒక్కసారే గట్టిగా నొక్కి పట్టుకుని, హ్యాండ్ బ్రేకు సాయంతో పక్కకి తీసేయాలి. డబ్బు పోతే పోయింది, ఘాట్‌లో మనిషి బతకాలి. నా వరకు బెల్ట్ మార్చడానికి ఇదొక్కటే చాలు.

సిక్కోలు_శాంత్రో
ఈ కోణం నేను అనుకోలేదు. ధన్యవాదాలు అన్నా. మేము మొన్న కార్తీకంలో అరకు వెళ్లొచ్చాం ఇదే బండిలో.

ఇంతకీ 58 వేలే కదా తిరిగింది. లక్ష దాకా పర్వాలేదని ఆ సెంటర్ వాళ్లు చెప్పింది తప్పా?

చీపురుపల్లి_టీచర్
ఆ 58 వేలూ నిజమేనా? సెకండ్ హ్యాండ్ బండి మీటరు నమ్మకూడదు. బ్రేక్ పెడల్ రబ్బరు, డ్రైవర్ సీటు అంచు, స్టీరింగ్ మీద అరుగుదల చూడండి. పాత సర్వీసు బిల్లులుంటే తేదీలు, రీడింగులు పక్కపక్కన రాసి చూడండి.

రింగురోడ్డు_గ్యారేజీ
మీటరు నిజమే అనుకుందాం. అయినా మార్చాలనే నేనంటాను. మాన్యువల్‌లో మెయింటెనెన్స్ షెడ్యూల్ పేజీ తీయండి. అక్కడ కిలోమీటర్లతో పాటు నెలలు కూడా ఇస్తారు, ఏది ముందొస్తే అది. ఫోన్లో చెప్పినవాళ్లు కిలోమీటర్లు చెప్పి కాలం సంగతి వదిలేశారు. బెల్ట్ రబ్బరుది. వెనకటి వాటిలో నియోప్రీన్, ఇప్పటివాటిలో వేడికి ఎక్కువ ఓర్చుకునే హెచ్‌ఎన్‌బీఆర్ రబ్బరు. లోపల గాజు పోగుల తాళ్లు, పళ్ల మీద నైలాన్ గుడ్డ పొర. బండి తిరక్కపోయినా ఇంజన్ వేడికి, గాలికి, కాలానికి రబ్బరు గట్టిపడుతుంది. 2009 బండికి బెల్ట్ మార్చిన రికార్డు లేదంటే, కంపెనీలో వేసిందే ఇంకా ఉందని అనుకుని లెక్క వేసుకోవాలి.

గంటస్తంభం
కవరు తీసి చూస్తే సరిపోదా? పగుళ్లుంటే మార్చడం, లేకపోతే వదిలేయడం. మా తమ్ముడు అలాగే చేశాడు, ఇప్పటికీ నడుస్తోంది.

రింగురోడ్డు_గ్యారేజీ
చూడటం మంచిదే. పగుళ్లు, అంచు పోగులు లేవడం, పన్ను మొదట్లో చీలిక, నూనె తడి కనిపిస్తే ఆ రోజే మార్చాలి. కానీ కనిపించకపోతే బాగుందని కాదు. హెచ్‌ఎన్‌బీఆర్ బెల్టులు పైకి పగలకుండానే లోపలి పోగులు బలహీనపడతాయి. చూపు "మార్చు" అని చెప్పగలదు, "మార్చక్కర్లేదు" అని చెప్పలేదు.

గంటస్తంభం
ఈ ఒక్క విషయంలో మీతో పూర్తిగా ఏకీభవించను. ఏడాది కిందట వేసిన బెల్ట్ అయితే చూసి చెప్పొచ్చు కదా.

రింగురోడ్డు_గ్యారేజీ
ఎప్పుడు వేశారో తెలిస్తే చూడటం చాలు, ఒప్పుకుంటా. ఇక్కడ తెలీదు కదా, అందుకే అంటున్నా.

టెక్కలి_గ్రానైట్
ఎందుకొచ్చిన గోల, చైన్ ఉన్న బండి తీసుకోండి. జీవితాంతం మార్చక్కర్లేదు. మా స్విఫ్ట్ డీజిల్‌కి చైనే.

వెరిటో_విజీనగరం
టెక్కలి గారూ, జీవితాంతం అనకండి. చైన్‌కి ఇంజన్ ఆయిలే ప్రాణం. ఆయిల్ టైముకి మార్చకపోతే చైను సాగుతుంది, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ పట్టు వదిలేస్తుంది. పొద్దున్న మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కాసేపు గలగలమంటే చైన్ చూపించుకోవాలి. బెల్ట్‌కి ఆ గలగల కూడా ఉండదు, అదే దాని ఇబ్బంది.

అంతకంటే వింత కొత్త చిన్న టర్బో ఇంజన్లలో ఉంది. ఎకోస్పోర్ట్‌లో వచ్చిన ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ లాంటి వాటిలో బెల్ట్ ఇంజన్ ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది. ఆయిల్‌కి తట్టుకునేలా చేసిన బెల్ట్ అది. దానికి కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిలే పోయాలి, వేరేది పోస్తే బెల్ట్ పాడై, ఆ ముక్కలు ఆయిల్ జల్లెడకి అడ్డం పడతాయి. మామూలు బెల్ట్‌కి మాత్రం ఒక్క చుక్క నూనె తగిలినా నష్టమే. ఒకదాని సూత్రం ఇంకోదానికి వాడకూడదు.

సిక్కోలు_శాంత్రో
ఏ బండికి ఏది ఉందో ఎలా తెలుస్తుంది?

వెరిటో_విజీనగరం
బండి పేరు చూసి చెప్పేయకూడదు, ఇంజన్ చూడాలి. ఐ10నే తీసుకోండి: 1.1 ఇంజన్‌కి బెల్ట్, 1.2 కప్పా ఇంజన్‌కి చైన్. మారుతిలో 800కి, పాత ఆల్టోకి బెల్ట్. 2010లో వచ్చిన ఆల్టో కే10కి చైన్. పాత ఇండికా డీజిల్‌కి బెల్ట్, ఇండికా విస్టాలో వచ్చిన 1.3 క్వాడ్రాజెట్ డీజిల్‌కి చైన్. మా వెరిటో 1.5 డీజిల్‌కి బెల్ట్. ఇంజన్ పక్కన పొడుగ్గా ప్లాస్టిక్ కవరుంటే చాలావరకు బెల్టే. చైన్‌కి ఆయిల్ కావాలి కాబట్టి దాని మీద లోహపు మూత గట్టిగా బిగించి ఉంటుంది.

చీపురుపల్లి_టీచర్
కార్లలో ఈ పళ్ల బెల్ట్ ఎప్పటినుంచి ఉందో తెలుసా? పెద్ద సంఖ్యలో తయారైన కార్లలో మొదట పెట్టింది 1962లో జర్మనీ కంపెనీ గ్లాస్, తన 1004 కారులో. అంతకుముందు ఎక్కువగా చైన్లు, గేర్లే. బెల్ట్ చవక, తేలిక, చప్పుడు తక్కువ, ఆయిల్ అక్కర్లేదు. చిన్న కార్లకి సరిగ్గా కావాల్సినవి అవే.

పలాస_జీడితోట
మన జిల్లాకి ఇంకో లెక్కుంది. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో కార్లు నీళ్లలో నిలబడిపోయాయి. తర్వాత సీట్లు ఎండబెట్టారు, ఆయిల్ మార్చారు, బెల్ట్ కవరు మాత్రం ఎవరూ తీయలేదు. ఆ కవరు దుమ్ము రాకుండా అడ్డే గానీ నీళ్లని ఆపదు. ఒక బండికి కొన్నాళ్లయ్యాక విప్పితే లోపల ఎండిన ఒండ్రు, టెన్షనర్ బేరింగులో గ్రీజు పోయి తుప్పు. నీళ్లలో నిలిచిన బండి కొనేవాళ్లు ఇది అడగాలి.

పొందూరు_నూలు
ఎలుకలు కూడా. కోతలయ్యాక కుప్పల పక్కన బండి పెడితే బానెట్‌లోకి చేరతాయి. మా కారులో ముందు వైర్లు కొరికాయి. కింద కవరు విరిగి ఉంటే బెల్ట్ దాకా వెళ్లడం ఎంతసేపు. కవరు విరిగిందని మెకానిక్ పారేస్తే ఊరుకోవద్దు, కొత్తది వేయించండి.

వెరిటో_విజీనగరం
సిక్కోలు గారూ, మార్పిస్తే బెల్ట్ ఒక్కటే కాదు, టెన్షనర్ బేరింగు, ఐడ్లర్ (బెల్ట్‌ని దారిలో ఉంచే చిన్న పుల్లీ) ఉంటే అదీ, ఆయిల్ కారకుండా ఆపే క్రాంక్ సీలు, క్యామ్ సీలు కూడా మార్పించండి. బేరింగు పట్టేస్తే కొత్త బెల్టైనా తెగుతుంది. మా అన్నయ్య బండికి ఒక గ్యారేజీలో బెల్ట్ వేసి వాటర్ పంపు పాతదే వదిలేశారు. మా ఇంజన్‌లో పంపు కూడా ఆ బెల్ట్ మీదే తిరుగుతుంది. కొన్నాళ్లకి పంపు కారింది, మళ్లీ అంతా విప్పాల్సొచ్చింది, కూలీ రెండోసారి ఇచ్చారు. కొన్ని బళ్లలో పంపు ఫ్యాన్ బెల్ట్ మీద ఉంటుంది, వాటికి ఈ బాధ లేదు. మీదాంట్లో ఎలాగుందో విప్పేముందే మెకానిక్‌ని అడగండి.

రాజాం_రోడ్డు
నా అనుభవం వేరు. బెల్ట్ మార్పించాక బండి నడిచింది గానీ పికప్ పోయింది. ఎచ్చెర్ల దాటి హైవే ఎక్కితే లాగదు, మైలేజీ పడిపోయింది. ప్లగ్గులన్నారు, పెట్రోల్ కల్తీ అన్నారు. చివరికి వేరే మెకానిక్ కవరు తీసి పుల్లీల మీది టైమింగ్ గుర్తులు చూస్తే, బెల్ట్‌ని ఒక పన్ను పక్కకి వేశారు. సరిచేశాక మళ్లీ మునుపటిలా పరుగెత్తింది. సిక్కోలు గారి బావగారన్న కొత్త రోగం ఇదే అయ్యుంటుంది. ఆయన భయం పూర్తిగా తప్పని నేననను.

రింగురోడ్డు_గ్యారేజీ
రాజాం గారు చెప్పింది చాలా ముఖ్యం. బెల్ట్ వేశాక సెల్ఫ్ కొట్టేముందు క్రాంక్‌ని పానాతో చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పాలి, ఇంజన్ తిరిగే వైపే. తిప్పి మళ్లీ రెండు పుల్లీల గుర్తులూ కలిశాయో లేదో చూడాలి. ఎక్కడైనా గట్టిగా అడ్డం తగిలితే బలవంతంగా తిప్పకూడదు, అక్కడ వాల్వు తగులుతోందని అర్థం. ఇది మీ కళ్ల ముందు చేయమనండి. చేసే మెకానిక్‌కి కోపం రాదు. బెల్ట్ మరీ బిగిస్తే సన్నగా ఊళ పెడుతుంది, వదులైతే పన్ను జారుతుంది.

బెల్ట్ కొనేటప్పుడు బిల్లుతో కొనండి, డబ్బా మీద తేదీ చూడండి. ఎండ తగిలే అరల్లో ఏళ్ల తరబడి పడున్నది వద్దు. కొత్త బెల్ట్‌ని మడిచి జేబులో పెట్టుకొచ్చే కుర్రాళ్లున్నారు. అలా మడిస్తే లోపలి గాజు పోగులు అక్కడే విరుగుతాయి, పైకి కనిపించదు.

గంటస్తంభం
దారిలో ఆగిపోయింది అనుకోండి, బెల్టేనని ఎలా తెలుస్తుంది?

సాలూరు_ఘాట్
సెల్ఫ్ కొడితే తేలిగ్గా, మామూలుకంటే స్పీడుగా గిర్రున తిరుగుతుంది, అంటుకోదు. కంప్రెషన్ లేదు కదా. ఆయిల్ పోసే మూత తీస్తే చాలా బళ్లలో పైన క్యామో రాకర్లో కనిపిస్తాయి. సెల్ఫ్ కొట్టినప్పుడు అవి కదలకపోతే బెల్టే పోయింది.

రింగురోడ్డు_గ్యారేజీ
ఒక్కసారి చాలు అన్నా. అనుమానం వస్తే మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. తోసి గేరులో వేసి స్టార్ట్ చేసే ప్రయత్నం అసలొద్దు. మిగిలిన వాల్వులు కూడా వంగుతాయి. న్యూట్రల్‌లో పెట్టి లాక్కెళ్లాలి.

సిక్కోలు_శాంత్రో
ఈ రోజు విప్పించాను, దగ్గరే నిలబడ్డాను. కవరు తీయగానే బెల్ట్ పైన ఒక్క పగులూ లేదు. గంటస్తంభం గారి పద్ధతిలో అయితే మూసేసేవాళ్లం. కింద క్రాంక్ పుల్లీ వెనక చూస్తే సీలు చెమర్చి నల్లటి నూనె పట్టుంది, బెల్ట్ ఒక అంచు మెత్తబడి జిగటగా ఉంది. పళ్ల మీది గుడ్డ పొర అరిగి కొన్నిచోట్ల నున్నగా మెరుస్తోంది. టెన్షనర్ బేరింగు తీసి వేలితో తిప్పితే గరగరమంటూ చాలాసేపు తిరిగింది. కొత్తది నిదానంగా, చప్పుడు లేకుండా తిరిగి వెంటనే ఆగిపోయింది. గ్రీజు ఉంటే అలాగే ఆగుతుందట. సీళ్లు, బేరింగు, బెల్ట్ అన్నీ మార్పించాను. చేత్తో రెండు చుట్లూ తిప్పి గుర్తులు నాకు చూపించాడు. పాత బెల్ట్ ఇంటికి తెచ్చి బావగారికి చూపించాను, ఆయన వాళ్ల ఆల్టోకి ఎప్పుడు మార్చారో డ్రైవర్‌ని అడుగుతున్నారు.

గంటస్తంభం
నూనె సంగతి నాకు తట్టలేదు. మా తమ్ముడికి రేపే చెబుతాను, సీళ్ల దగ్గర చూడమని.

బొబ్బిలి_800
సరే, నేనూ మార్చేస్తా. మా 800కి ఇప్పుడున్నది ఆ రోజు వేయించిందే, అదీ పాతబడింది.

చీపురుపల్లి_టీచర్
సిక్కోలు గారూ, ఒక చిన్న స్టిక్కరు మీద తేదీ, మీటరు రీడింగు, ఏమేం మార్చారో రాసి బానెట్ లోపల అతికించండి. బిల్లు ఫొటో నాన్నగారి ఫోన్లోనూ పెట్టండి. మీ తర్వాత ఆ బండి తీసుకునేవాళ్లు మీలాగే అడగాల్సిన పని ఉండదు.

సిక్కోలు_శాంత్రో
అతికించేశాను మేడం. బ్యాటరీ పక్కన, వేడి తగలని చోట.

రింగురోడ్డు_గ్యారేజీ
కొత్త సీలు చెమరుస్తోందో లేదో వచ్చే ఆయిల్ సర్వీసులో ఒకసారి కవరు తీయించి చూడండి. కింద కవరు స్క్రూలు అన్నీ వేశారో లేదో కూడా.